బర్లు లేని గడ్డి

అవి ఎమర్జెన్సీ రోజులు. ఎవరి సంచి చూసినా అనుమానమే. నేను హైదరాబాదులో సంపాదించిన లాన్ గడ్డిని తడి గోనెలో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వరంగల్ ప్యాసింజర్‌లో వస్తున్నాను. మట్టెవాడలో మా ఇంటి ముందున్న చాపంత జాగాలో రాష్ట్రపతి భవన్ తోటను దించాలని నా సంకల్పం.

స్టేషన్ ఘన్‌పూర్‌లో కూరల గంపతో ఎక్కిన ఒక అవ్వ ఎదురుగా కూర్చుని, నా గోనెను పోలీసులా తడిమింది.

“గడ్డా? ఎన్ని బర్లున్నయ్ బిడ్డా?”

“బర్లు లేవవ్వా.”

“మరి మేకలా?”

“అవీ లేవు. ఉత్తగ సూసేటందుకు.”

అవ్వ తన గంపను కాస్త వెనక్కి లాక్కుంది. పెట్టెలోని వెయ్యి కళ్లూ నా మీద వాలాయి.

“సూసేదానికి నీళ్లెవ్వలు పోస్తరు?”

“మా ఇంటామె. పొద్దుగాల, పొద్దుమీకి గల్లీ చివర బోరింగు కాడికెల్లి మోసుకొస్తది.”

అవ్వ నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూసి, గంపలోంచి గుప్పెడు గంగవాయిలి కూర తీసి గోనెలో కుక్కింది.

“ఇది గుచ్చు. నీళ్లడగది. నేలంత అల్లుకుంటది. పప్పుల ఏసుకోండ్రి.”

ఇది నా లాన్ మీద కుట్రేనని తేల్చుకున్నాను. ఇంటికెళ్లి పారేయబోతే, మా ఆవిడ లాక్కుని ఓ మూల గుచ్చింది.

నా అనుమానం ముమ్మాటికీ నిజమైంది. ఎండలు ముదిరేసరికి దొరల గడ్డి మాడి మసైంది, ఆ కూర వాకిలంతా ఆక్రమించింది. ఒక సాయంత్రం మా ఆవిడ బిందెను గోడవారగా బోర్లించి, తీరిగ్గా కూర తుంచుతూ కూర్చుంది. ఆ వేళప్పుడు ఆమె కూర్చుని ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.