వానను ఆపుతుందన్న సోలార్ పలక

1993లో నేను కామారెడ్డిలో ఒక చిన్న సంస్థ తరఫున ఇళ్ళకు సోలార్ దీపాలు బిగించేవాణ్ణి. అంతకుముందు పదేళ్ళు రేడియోలు బాగుచేశాను కనుక తీగలంటే భయం లేదు. మైకు అంటేనే భయం. ఆ ఉద్యోగంలో బిగించడం సగం పనైతే, ఊళ్ళో జనాన్ని కూర్చోబెట్టి ఒప్పించడం తక్కిన సగం. అంగడి రోజు చూసుకుని వెళ్ళి, బడి ముందో పంచాయతీ ఆఫీసు ముందో ప్యానెల్ నిలబెట్టి, పొద్దుగూకాక ట్యూబులైటు వెలిగించి చూపేవాళ్ళం. ప్యానెల్ అంటే గాజు కింద నల్లటి సిలికాన్ బిళ్ళలు పరిచిన పలక. ఎండ పడితే అందులో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు కింద బ్యాటరీలో నిల్వ ఉంటుంది. చెప్పాలంటే ఇంతే సంగతి. కానీ ఇంతే చెబితే ఎవరూ ఆగి వినరని నేను కొంచెం రంగు వేసి చెప్పేవాణ్ణి.

ఎల్లారెడ్డి దాటాక పోచారం వైపు అడవి అంచున నలభై ఇళ్ళ పల్లె ఒకటుంది. పేరు చెప్పను. పెద్ద ఊరి దాకా వచ్చిన కరెంటు స్తంభాలు అక్కడికి రాలేదు. వేసవిలో అక్కడ మీటింగు పెట్టి, మైకు పట్టుకుని నేనన్న మాట ఇప్పటికీ గుర్తు: "ఈ పలక పొద్దంత పైనుంచి గుంజుతది, గుంజినదంత కింద డబ్బల నింపుతది!" జనం చప్పట్లు కొట్టారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఆ పల్లెతో కలిపి నాలుగు ఊళ్ళలో అదే మాట చెప్పాను.

ఆ పల్లెలో మొదట ముందుకొచ్చింది ఖైరున్నీసా. భర్త మస్కట్‌లో కూలి పనికి వెళ్ళాడు. ఆమె బీడీలు చుడుతుంది, ఎనిమిదో తరగతి చదివే కూతురు షమీమ్ ఉంది. కందిలి వెలుతురులో ఆకు కత్తిరించి కత్తిరించి ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. వాకిట్లో గోడ పక్కన ఇనుప పైపు పాతి దాని మీద ప్యానెల్ బిగించాను. బ్యాటరీ చూపించి, "నెలకోసారి మూతలు తీసి చూడు. నీళ్ళు తగ్గితే ఈ డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. బోరు నీళ్ళు పొయ్యకు" అన్నాను. మందుల షాపులో దొరికే శుద్ధమైన నీళ్ళు అవి. పక్కింటివాళ్ళు కూడా వచ్చి, డబ్బాలోకి తొంగిచూసి, "నీళ్ళున్నయే" అనుకుంటూ వెళ్ళారు. నేను పట్టించుకోలేదు.

మృగశిర కార్తెలో ఒక వాన పడింది. అందరూ మక్కలు వేశారు. ఆ తర్వాత ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఆరుద్ర సగం గడిచింది. అప్పుడొక ఉదయం ఖైరున్ తమ్ముడు యూసుఫ్ కామారెడ్డిలో మా సంస్థ ఆఫీసుకు పరుగున వచ్చాడు. అక్కడే సైకిల్ షాపులో పనిచేసేవాడు, చేతులకు గ్రీజు అలాగే ఉంది.

"అన్నా, అక్క ఊర్ల పలక దించమంటున్నరు. మబ్బులకెల్లి నీళ్ళు గుంజుతున్నదంట. గుంజిన నీళ్ళు డబ్బల పడుతున్నయంట. శుక్రవారం దాకా టైమిచ్చిన్రు. దించకుంటే మేమే పలగ్గొడ్తమని ఆ ఊరి రైతు రాజయ్య అన్నడంట. మా అక్క ఒక్కతే ఉంది."

పైనుంచి గుంజుతది, డబ్బల నింపుతది. ఆ మాటలు ఎవరివో నాకు తెలుసు.

అది బుధవారం. బస్సులో ఎల్లారెడ్డి దాకా కిటికీ పక్కన కూర్చుని, రోడ్డుకు రెండు వైపులా జానెడు ఎదిగి తల వాల్చేసిన మక్క మొలకలు చూస్తూ పోయాను. ఒక్కో చేను దాటుతుంటే భయం పెరుగుతోంది. ఆ నాలుగు ఊళ్ళలోనూ ఇదే మాట పుట్టి ఉంటే? ఈ లోపలే ఎవరైనా రాయి విసిరితే? పలక పోతే పోయింది, ఆ వాకిట్లో ఆమె, పిల్ల ఉన్నారు. బస్సు దిగి మూడు మైళ్ళు నడిచినప్పుడు దారిలో నాకు తోచింది ఒక్కటే: వెంటనే పలక దించి తీసుకుపోవాలి.

ఖైరున్ గడపలో చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను పానా బయటికి తీయగానే లేచి నిలబడింది.

"ఏం జేస్తున్నవన్నా?"

"దించుతున్న. మీకేమన్న అయితే నాకు పాపం జుట్టుకుంటది."

"నువ్వే దించినంక వాళ్ళ మాట నిజమైనట్టే గద! రేపు వాన పడిందనుకో, గీ ఖైరునే వాన ఆపిందని నేను సచ్చేదాక అంటరు. గీ ఊర్ల నేను బతకొద్దా?"

పానా సంచిలో పెట్టేశాను. నేను భయంతో చేయబోయిన పని ఆమెను ఎక్కడ నిలబెడుతుందో నాకు తట్టనే లేదు.

మధ్యాహ్నం రాజయ్య దగ్గరికి వెళ్ళాను. నాలుగు ఇళ్ళ అవతలే ఆయన ఇల్లు. నలభై ఏళ్ళ మనిషి, మూడెకరాల మక్క చేను ఎండుతోంది. కోపిష్టి అనుకుని వెళ్ళాను కానీ, నిద్ర లేని కళ్ళతో వంగిపోయి కూర్చున్నాడు. మంచం చుట్టూ ఇంకో పదిమంది ఉన్నారు. సూర్యకాంతి, సిలికాన్, ఆవిరి, మబ్బు అంటూ గంటసేపు చెప్పాను. బ్యాటరీలో ఉన్నది ఆమ్లం కలిసిన నీళ్ళని, అది కూడా మేం పోసిందేనని చెప్పాను.

"సారు, ఆనాడు గుంజుతదని మైకుల చెప్పింది నువ్వే. గియ్యాల గుంజదంటున్నవు. ఏది నమ్మాలె?" అన్నాడు రాజయ్య.

"ఆనాడు నేను తప్పు చెప్పిన. ఎండ పడితే కరెంటు పుడతది, గంతే. గుంజుడు లేదు," అన్నాను. ఒప్పుకున్నందుకు నమ్మకం పెరగలేదు, ఉన్నది కూడా పోయినట్టు అనిపించింది.

అప్పుడు రాజయ్య తల్లి లచ్చవ్వ గుమ్మంలోంచి అంది: "నీళ్ళు గుంజుతదంటే మబ్బుల నీళ్ళే గుంజాల్నా? పక్కన గిన్నెల నీళ్ళు పెడితే అవి గుంజదా? పెట్టి సూడుండ్రి."

అందరికీ ఆ మాట నచ్చింది. నాకు మాత్రం నచ్చలేదు. ఆరుబయట పెట్టిన నీళ్ళు ఎక్కడైనా తగ్గుతాయి. గాలి, నీడ, గోడ వేడి, ఏ కొంచెం తేడా ఉన్నా రెండు గిన్నెలు సమానంగా తగ్గవు. పలక పక్క గిన్నెలో నీళ్ళు ఎక్కువ తగ్గితే ఇక నేనేం చెప్పినా వినరు. కానీ అప్పుడు వద్దంటే దొంగనే అవుతాను. ఒప్పుకున్నాను.

గురువారం పొద్దున ఒకే కొలతవి రెండు సత్తు గిన్నెలు తెచ్చారు. లచ్చవ్వ లోపలి అంచున మేకుతో గీత గీసి, గీత దాకా నీళ్ళు పోయించింది. ఒకటి ఖైరున్ వాకిట్లో పలక పక్కన గోడ మీద, ఇంకొకటి రాజయ్య ఇంటి గోడ మీద. కాకులు తాగకుండా రెండింటి మీదా జల్లెడ బోర్లించింది. ఆ రోజంతా నేను బడి అరుగు మీద కూర్చుని రెండు గోడల వైపు చూస్తూనే ఉన్నాను. షమీమ్ చాయ్ తెచ్చిచ్చి, "మామా, తగ్గుతదా?" అని అడిగింది. తెలియదన్నాను. ఆ పిల్ల గ్లాసు కోసం నిలబడింది.

పొద్దుగూకే వేళ అందరూ చేరారు. ఖైరున్ ఇంటి గిన్నెలో నీళ్ళు వేలి మందం తగ్గాయి. రాజయ్య ఇంటి దాంట్లో అందులో సగమే.

ఒక్కసారిగా గోల లేచింది. ఎవరో "ఇంకేంది మరి!" అని అరిచారు. ఇద్దరు ముగ్గురు పలక వైపు కదిలారు. ఖైరున్ కూతుర్ని లోపలికి తోసి తలుపుకు అడ్డంగా నిలబడింది. నేను వెళ్ళి పైపు పట్టుకున్నాను.

లచ్చవ్వ కట్టెతో నేలను గట్టిగా కొట్టింది. "ఆగుండ్రి. పని సగమే అయింది. రేపు పలక దించి మా కొట్టంల పెట్టుండ్రి. గిన్నెలు మాత్రం గాడనే ఉండాలె. పలక లేనప్పుడు ఎంత తగ్గుతదో సూడొద్దా?"

ఖైరున్ ముందుకొచ్చింది. "అవ్వా, ఒకసారి దిగినంక మల్ల ఎక్కనిస్తరా?"

"నేనున్న గద బిడ్డా. నా మాట దాటి మావోడు పోడు."

రాజయ్య తల పక్కకు తిప్పుకున్నాడు కానీ కాదనలేదు.

శుక్రవారం తెల్లవారగానే పలక విప్పి రాజయ్య కొట్టంలో గడ్డి మీద పెట్టి గోనెసంచి కప్పాను. లచ్చవ్వ రెండు గిన్నెల్లోనూ మళ్ళీ గీత దాకా నీళ్ళు పోయించింది. ఆ రోజు నిన్నటి కంటే కష్టంగా గడిచింది. గాలి మారితే? ఎండ తగ్గితే? పదకొండింటికి ఒక తెల్ల మబ్బు వచ్చి పల్లె మీదుగా పోయింది. మామూలుగా అయితే ఎంత సంతోషించాల్సిన విషయం! నేను మాత్రం అది త్వరగా పోవాలని కోరుకున్నాను. పలక దించిన రోజే వాన పడితే ఖైరున్ బతుకు ఏమవుతుంది? ఎండిన చేల మధ్య కూర్చుని వాన వద్దనుకున్నానన్న సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

వాన రాలేదు. సాయంత్రం లచ్చవ్వ కొడుకును ముందుకు పిలిచి, "నువ్వే సూడు" అంది. రాజయ్య ఖైరున్ ఇంటి గిన్నెలో వేలు పెట్టాడు. నిన్నటి లాగే వేలి మందం తగ్గింది. తన ఇంటి గిన్నెలో మళ్ళీ సగమే. రెండుసార్లు అటూ ఇటూ నడిచి చూశాడు.

"పలక లేకున్నా గంతే తగ్గె," అన్నాడు చివరికి.

"తగ్గదా? వాళ్ళ గోడకు పొద్దంత ఎండ. మన గోడకు మధ్యాన్నం సంది చింతచెట్టు నీడ. వడ్లు ఆరబోసుకుంట ముప్పై ఏండ్ల సంది సూస్తున్న," అంది లచ్చవ్వ.

"అవ్వా, గా ముచ్చట మొన్ననే చెప్పకపోతివి?" అన్నాను.

"చెప్తే ఇంటరా? నువ్వు గంటసేపు చెప్పినవు, ఎవడన్న ఇన్నడా?"

జనం మెల్లగా విడిపోయారు. రాజయ్య మాత్రం గోడ దగ్గరే ఉండిపోయాడు. కాసేపటికి నాతో చిన్నగా అన్నాడు: "గీ పలకనే అయితే బాగుండు సారు. దించితే వాన పడుతుండె. ఇగ ఇది కాదంటే ఎవల్ని అడగాలె?"

పలక మళ్ళీ బిగించేటప్పుడు ఒక కొస ఆయనే పట్టుకున్నాడు. ఖైరున్ లోపలికి వెళ్ళి లైటు వేసి, చాట ముందుకు లాక్కుని పని మొదలుపెట్టింది.

పన్నెండు రోజుల తర్వాత వాన పడింది. రాజయ్యకు సగం చేను దక్కింది. ఆ ఏడాది ఆ పల్లెలో ఆరు ఇళ్ళు దీపాలు పెట్టించుకున్నాయి. రాజయ్య పెట్టించుకోలేదు. నేను అడగలేదు కూడా. తక్కిన మూడు ఊళ్ళకూ మళ్ళీ వెళ్ళి, అదే మైకులో నా మాట తప్పు అని చెప్పి వచ్చాను. ఒక ఊళ్ళో నవ్వారు. ఆ నవ్వు నేను పడాల్సిందే అనుకున్నాను.

తెలియనివాళ్ళకు తెలియజెప్పడమే నా పని అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. రాజయ్యకు తక్కువైంది తెలివి కాదు. చేను ఎండుతుంటే చేయడానికి ఏదో ఒక పని కావాలి ఆయనకు. నేను గొప్పకు విసిరిన మాట ఆయనకు ఆ పని చూపించింది. దాని బరువు ఖైరున్ మీద పడింది. అందుకే ఆ తర్వాత ఏ ఊరికి వెళ్ళినా ముందు ప్యానెల్ గురించి చెప్పడం మానేశాను. "దీంతోని మీకేమన్న నష్టం అయితదని అనిపిస్తున్నదా?" అని అడిగి, ఎవరో ఒకరు నోరు తెరిచేదాకా ఊరుకునేవాణ్ణి. బీబీపేట దగ్గర ఒక మీటింగులో ఒకావిడ చాలాసేపు తటపటాయించి, దీని వెలుతురుకు బర్రె పాలు తగ్గుతాయా అని అడిగింది.

"నాకైతే తగ్గవనే అనిపిస్తది అవ్వా," అన్నాను. "కానీ నీ కొట్టంలనే లైటు పెడత. పది రోజులు నువ్వే కొలిచి చూడు."