అక్క కిడ్నీ, తొక్కిన మట్టి

మా బావమరిది పూలకుండీలు చేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో కుమ్మరి సారె, పక్కన మట్టి తొక్కే గుంట, గోడవారగా కుండీలు కాల్చే ఆవం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. వాడితో వాదించి గెలవగలిగింది వాడి అక్క, అంటే మా ఆవిడ, ఒక్కతే.

వాడి రెండు కిడ్నీలూ పాడైతే తన కిడ్నీ ఒకటి ఇచ్చింది ఆవిడే. నన్ను అడగలేదు, చెప్పింది అంతే. ఆపరేషన్ అయ్యాక వాడు నాతో, "బావా, ఇకనుంచి నన్ను తిడితే సగం తిట్లు అక్కకి తగుల్తాయి, చూసుకో" అన్నాడు. నవ్వాను గానీ లోపల భయంగానే ఉంది.

ఆ కిడ్నీని ఒంట్లో నిలబెట్టే మాత్రలు రోగాలను ఎదుర్కొనే శక్తిని అణిచేస్తాయి. అందుకే మట్టి జోలికి పోవద్దంది డాక్టరమ్మ. వాడు సారె పని పనివాళ్లకు అప్పగించాడు. మూతికి గుడ్డ, చేతులకు గ్లౌజులు లేకుండా షెడ్డులో అడుగు పెట్టేవాడు కాదు. అంత జాగ్రత్తపరుడూ మట్టి తొక్కడం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, అదీ ఒట్టి కాళ్లతో. బూట్లు వేసుకుంటే గులకరాయి కాలికి తెలియదట, ఒక్క రాయి ఉండిపోయినా కుండీ ఆవంలో పగిలిపోతుందట. రోగం నోట్లోంచో ముక్కులోంచో రావాలని వాడి లెక్క. "కాళ్లకేమవుద్ది బావా, సబ్బు పెట్టి కడుగుతున్నాగా" అనేవాడు. వాడి మడమల పగుళ్లలో రూపాయి బిళ్ల దూర్చొచ్చు. నేనెంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

వానాకాలంలో జ్వరం వచ్చింది. తడిసినందుకేలే అని జ్వరం మాత్రలు మింగి ఊరుకున్నాడు. ఆయాసం మొదలయ్యాక ఆస్పత్రికి లాక్కెళ్లాం. ఊపిరితిత్తుల్లో చీము పట్టిందన్నారు. తడిమట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి కాళ్ల పగుళ్లలోంచి దూరి ఉంటుందట. మామూలు మనిషికి సోకినా చాలాసార్లు ఆ సంగతే తెలియదట. వీడిలాంటివాణ్ణి మాత్రం లోపల్నించి తినేస్తుందట.

"కిడ్నీ మాత్రలు ఆపకపోతే ఈ జబ్బు లొంగేలా లేదు. ఆపితే కిడ్నీ పోతుంది" అంది డాక్టరమ్మ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వాడు ఆపనివ్వలేదు. "అది అక్కది. నా చేతులారా పోగొట్టను" అన్నాడు, గోడవైపు తిరిగి.

మా ఆవిడ మంచం అంచున కూర్చుంది. "దాచుకోమనా ఇచ్చాన్రా నీకు? బతకమని ఇచ్చాను. ఆపించు."

వాడు ఇటు తిరిగి తల ఊపాడు.

మాత్రలు ఆపారు. ముందు కిడ్నీ పోయింది. మూత్రం సంచిలో చుక్క పడలేదు, కాళ్లూ మొహమూ ఉబ్బిపోయాయి. జ్వరం మాత్రం ఎక్కించిన మందులకు లొంగలేదు. వాడి మీద నాకు ఒళ్లు మండిపోయేది. ఆ కాళ్లు పట్టుకుని ఏడవాలనీ అనిపించేది. రెండూ చెయ్యలేదు. మా ఆవిడ తడిగుడ్డ పెట్టి వాడి నుదురు తుడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

వాడు పోయాక డాక్టరమ్మ, "మీరు చేసిన సాయం వృథా కాలేదమ్మా" అంది. "అయిందండీ" అంది మా ఆవిడ.

ఆటోలో ఇంటికొస్తుంటే పక్కటెముకల కింద, కోసిన చోట, చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నొప్పిగా ఉందా అని అడిగాను.

"లేదండీ. ఇంకోటి ఉందిగా. అడిగేవాడే లేడు."