మూడో రోజు పరామర్శ

నోట్లో నువ్వుగింజ నానని మనుషులుంటారు. మా నాన్న నోట్లో బస్తా నువ్వులు నానబెట్టుకోవచ్చు.

తొంభైల్లో ఒక ఏడాది, ఈస్టరుకు ముందు మా చర్చికి వచ్చిన ప్రసంగీకుడు, ప్రభువు లేచాడన్న సంతోషాన్ని ఇంట్లో దాచుకోవడం పాపమన్నాడు. ఈ పండక్కి మా వీధిలో ఒక్క గడపకైనా ఆ మాట చెబుతానని నాన్న అందరి ముందూ చెయ్యెత్తాడు. చెప్పలేకపోతే మళ్లీ చర్చి మెట్లెక్కనని ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు. భిలాయి సెక్టర్ ఆరులోని ఉక్కు ప్లాంటు క్వార్టర్లో మేం అప్పటికి తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. ఆయన గొంతు ఎలా ఉంటుందో పక్కింటివాళ్లకు కూడా సరిగా తెలియదు.

అందుకు ఆయన చేసిన ఏర్పాటు ఏమిటంటే, శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం పొద్దుటిదాకా ఇంటిల్లిపాదికీ మౌనవ్రతం. దానివల్ల చెప్పే బలం వస్తుందట. అప్పుడు నాకు పదేళ్లు. ఆ తెలివి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శుక్రవారం తెల్లబట్టల్లో చర్చి నుంచి వచ్చి, ఉపవాసమని పొయ్యి వెలిగించకుండా, టీవీ పెట్టకుండా కూర్చున్నాం. సాయంత్రం ఎదురింటి మామ్మ వచ్చింది. విజయనగరం వైపు మనిషి, భర్త అంతకుముందు ఏడాదే పోయాడు. మా వాలకం చూసి, "ఎవులు పోనారమ్మా?" అని అడిగింది. ఎవరమూ నోరు విప్పలేదు. అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. మామ్మ ఆమె తల నిమిరి వెళ్లి, మాకు గిన్నెడు అన్నం, పప్పుచారు తెచ్చింది. చావింట్లో పొయ్యి వెలగదు కదా. నేనూ చెల్లీ సుబ్బరంగా తిన్నాం. ఉపవాసం పాడుచేశామని నాన్న కళ్లెర్రజేశాడు గాని, తిట్టాలంటే మాట్లాడాలి కాబట్టి ఊరుకున్నాడు. శనివారం ఆయన ప్లాంటుకు సెలవు పెట్టేసరికి వీధి మొత్తానికి అనుమానం తీరిపోయింది.

ఆదివారం తెల్లవారుజామున ఆరాధన ముగించుకుని, కొత్తబట్టల్లో తిరిగొచ్చాం. మా వరండాలో భుజాన తువ్వాళ్లతో ఎనిమిదిమంది కూర్చుని ఉన్నారు. మూడో రోజు పరామర్శకు వచ్చారు. మామ్మ సంచినిండా కూరగాయలు తెచ్చింది. ఒక్క గడప ఇమ్మంటే దేవుడు వీధినే పంపాడు. నాన్న, చెప్పాల్సింది రాసిపెట్టుకున్న కాగితం జేబులోంచి తీయడం కూడా మరిచిపోయి, "చనిపోయినాయన లేచాడండీ," అన్నాడు.

రిటైరైన ఫోర్‌మన్ ఒకాయన కుర్చీలోంచి దిగ్గున లేచాడు. ఇంకొకాయన, ఎక్కడున్నాడని అడుగుతూ మా పడగ్గదిలోకి తొంగిచూశాడు. అప్పుడు నాన్న తడబడుతూ మొదటినుంచీ చెప్పాడు. సిలువ, సమాధి, దొర్లిపోయిన రాయి, పొద్దున్నే వెళ్లిన ఆడవాళ్లు, అన్నీ. మా ఇంట్లో ఎవరూ పోలేదని తెలిసి కొందరు నవ్వారు. ఫోర్‌మన్‌గారికి మాత్రం కోపమొచ్చింది. నాకు నాన్నను చూస్తే గర్వంతో ఏడుపొచ్చింది.

మామ్మ నవ్వలేదు. పోయినవాళ్లంతా లేస్తారా అని అడిగింది. ఒకరోజు అందరూ లేస్తారని, అదే మా నమ్మకమని నాన్న చెప్పాడు. ఆవిడ కూరగాయల సంచితో ఆయన దగ్గరికి వచ్చింది.

"నిరుడు మా ఇంటాయన పోనప్పుడు మూడు దినాలూ వొచ్చి మా గుమ్మంలో నిలబడ్డావు బాబూ. ఇంత మంచి కబురు నీ కాడుంచుకొని, నాకొక్క ముక్క చెప్పనేదేటి?"

నాన్న ఆవిడ చేతిలోని సంచి అందుకుని, అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు.