చిన్నబాపు పెద్దజేసిన దీపం

చిన్నబాపు పోయాడన్న మాట నాకు మొదట వినపడలేదు. సిరిసిల్లలో మా కార్ఖానాలో నిలబడి ఉన్నాను. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. అవి నడుస్తుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. కోరుట్ల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి గొంతు వినిపిస్తోంది కానీ మాట అందడం లేదు. "ఏందిరా? గట్టిగ జెప్పు" అని నేనే అరుస్తున్నాను. నా మొహం చూసి ఏమనుకున్నాడో, మా ఆయన చెయ్యెత్తి సాంచాలు ఆపించాడు. ఒక్కొక్కటీ ఆగుతూ వచ్చింది. చివరిది ఆగాక తమ్ముడి మాట స్పష్టంగా వినిపించింది.

"చిన్నబాపు లేడక్కా. పొద్దున చాయ్ తాగి, కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు."

పక్కనున్న నూలు బస్తా మీద కూలబడ్డాను. పట్టపగలు కార్ఖానా అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో మూలనున్న పెట్టె ఒక్కటే పని చేస్తోంది. దానికి చప్పుడుండదు. బీరువాను పడుకోబెట్టినంత ఉంటుంది. లోపల ఎర్రగా కాలుతుంటుంది, పైన చెయ్యి పెడితే జ్వరమొచ్చిన నుదుటిలా వెచ్చగా తగులుతుంది. మా సాంచాల్లో కొన్నింటికి కరెంటు ఇచ్చేది అదే. దాన్ని చేసింది చిన్నబాపు.

చిన్నబాపు అంటే చిన్నాన్న, మా బాపుకు తమ్ముడు. మేడిపల్లిలో వ్యవసాయం చేసే మా ఇంట్లో మొదటి ఇంజనీరు. హైదరాబాదులో మంచి ఉద్యోగం వదిలి కోరుట్లకు తిరిగొచ్చి, మూతబడిన బీడీల గోదాం కిరాయికి తీసుకుని అందులో కొలిమి పెట్టినప్పుడు తలా ఒక మాట అన్నారు. ఉద్యోగం పోయిందన్నారు, మతి చలించిందన్నారు. మా బాపు అయితే చాలా రోజులు తమ్ముడితో మాట్లాడనే లేదు. చిన్నమ్మ మాత్రం, "కండ్ల ముంగట ఉండి పని జేసుకుంటనంటున్నడు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇగ నాకేం బాధ?" అని ఊరుకుంది. వాళ్లకు పిల్లలు లేరు. నన్నూ తమ్ముణ్నీ కన్నవాళ్లలాగే చూశారు.

తాను చేసే పనేమిటో ఆయన నాకు అర్థమయ్యేలా ఒక్కసారే చెప్పాడు.

"ఇది పొయ్యి గాదు బిడ్డా. మంట లేదు, పొగ లేదు. ఈ దిక్కు గ్యాసు, ఆ దిక్కు గాలి. నడుమ గీ పెంకు. పెంకు ఎర్రగ కాలితేనే గ్యాసుకు, గాలికి మాట కలుస్తది. గా మాటనే కరెంటు."

పెంకు అంటే పింగాణీ లాంటి పలక. బీడీ ఆకంత పలుచన. అలాంటి పలకలను దొంతరగా పేర్చి, అంచులను గాజుతో అతికి, పెట్టెలో పెట్టి ఎర్రబడేదాకా వేడి చేయాలి. దాన్ని ఫ్యూయెల్ సెల్ అంటారని నాకు పేపర్లో చదివితే తెలిసింది. ఇంట్లో మేమెవరం ఆ పేరు వాడలేదు. పెట్టె అనే అన్నాం.

వేడితో బతికిన మనిషి కదా, వేడిని చాలా మర్యాదగా చూసేవాడు. చిన్నప్పుడు నేను కాలిన పెనం మీద నీళ్లు చల్లి, ఆ చుయ్‌మనే చప్పుడుకు మురిసిపోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "దాని పానం పోతది బిడ్డా. సల్లారనియ్యి, అటెన్క కడుగు" అన్నాడు. మనుషుల విషయంలోనూ అంతే. ఎండనపడి వచ్చినవాళ్లకు వెంటనే మంచినీళ్లు ఇవ్వనిచ్చేవాడు కాదు. "కూసో, జెర సెమట ఆరనీ" అని వరండాలో కూర్చోబెట్టేవాడు. చుట్టాలు దీన్ని మరోలా అనుకునేవాళ్లు. పెళ్లిచూపులకని సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లు, నీళ్లు కూడా ఇవ్వని ఇల్లని లేచి వెళ్లిపోబోయారు. ఆ చూపులు నాకే. పెళ్లికొడుకు మాత్రం చెమట ఆరేదాకా కూర్చున్నాడు కాబట్టి ఇవాళ నేను ఈ సాంచాల మధ్య ఉన్నాను.

పెట్టెను నడపడం ఆయనకు పెద్ద కష్టం కాలేదు. ఆపడమే కష్టమైంది. ఎర్రగా కాలుతున్నంతసేపూ అంతా బాగానే ఉండేది. ఆపితే గాజు ఒకలా, పలక ఒకలా ముడుచుకునేవి. అంచుల్లో వెంట్రుకంత పగులు వచ్చేది. మళ్లీ వేడి చేస్తే ఆ పగుల్లోంచి గ్యాసు పోయేది. ఎన్నిసార్లు చేసినా అదే తంతు. పాడైన పలకలను చిన్నమ్మ తీసుకెళ్లి గులాబీ కుండీల అడుగున వేసేది. ఆ ఇంట్లో అన్ని గులాబీ కుండీలు ఉండడానికి కారణం పూల మీద ప్రేమ కాదు.

తెలిసినవాళ్లు ఆయనకు ఒక సలహా ఇచ్చేవాళ్లు. ఆపితే పగులుతోంది కాబట్టి ఆపకుండా నడిపించమని. ఆయనకు కోపం వచ్చేది అప్పుడే. "మన దగ్గర ఆగని పని ఏమున్నదయ్యా? పండుగొస్తే సాంచె ఆగుతది, నూలు రాకుంటె ఆగుతది, మనిషి సస్తె ఆగుతది. ఆగుడు తప్పు గాదు. ఆగింది మల్ల లేవాలె, గంతే" అనేవాడు. ఆయన పంతమంతా ఆ ఒక్క మాట మీదే. ఆపితే మళ్లీ లేచే పెట్టె కావాలి.

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, దీపాన్ని ఆర్పమని ఎన్నడూ అనలేదు. ఆ మాట నోట రాకూడదు. "దీపం పెద్దజెయ్యి" అనేది. అంటే ఆర్పమనే. పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఇలాగే అనేవాళ్లు. మా చిన్నబాపు ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయనకు దీపమే కాదు, పొయ్యీ, కొలిమీ, పెట్టే అన్నీ పెద్దజేయవలసినవే. ఇంజనీరింగ్ చదివినా ఆ అలవాటు పోలేదు.

గోదాంలో ఆయనతో పనిచేయడానికి రాజోలు నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. పని నేర్చిన మనిషి, భయం లేని మనిషి. గోదారి జిల్లా మాట. మా మాట ఆమెకు సగం అర్థమయ్యేది, మిగతా సగం అర్థమైనట్టు తలూపేది. ఆమె చేరిన కొత్తలోనే హైదరాబాదు నుంచి పెట్టెను చూడడానికి, పనికి డబ్బు పెట్టే మనుషులు వస్తామన్నారు. పని ముందుకు సాగాలో, గోదాం ఖాళీ చేయాలో వాళ్లు తేల్చాలి. ఉన్నది ఒక్క పెట్టె. ఇంకొకటి చేసే వ్యవధి లేదు.

వాళ్లు రావడానికి ముందు రోజుల్లోనే ఒకనాడు చిన్నబాపు ఏదో పర్మిషన్ పని మీద జగిత్యాల వెళ్లాడు. బస్టాండులో ఉండగా ఆమె ఫోన్ చేసింది. పెట్టెలో గ్యాసు లీకవుతోంది, ముల్లు పడిపోతోంది. అంకెలు చూపించే కొత్త మీటర్లు ఆయన వాడలేదు, పాత ముల్లు మీటరే. "అంకె ఊకె మారుతది. ముల్లు వణుకుతది. వణికితే మనకు తెలుస్తది" అనేవాడు. ఆ ముల్లు పడిపోతోందని వినగానే బస్సుల హారన్ల మధ్య గట్టిగా అరిచి చెప్పాడు.

"ముందుగాల గ్యాసు బంద్ జెయ్యి. ఇగ దాన్ని మెల్లగ పెద్దజెయ్యి. నేనస్తున్న."

ఆమె గ్యాసు ఆపింది. తర్వాత లోపలి హీటరు తిప్పి వేడిని మెల్లగా పెంచింది. పెద్ద చేయమన్నారు, చేసింది.

ఆయన కోరుట్లలో బస్సు దిగి గోదాంలోకి వచ్చేసరికి పెట్టె ఎన్నడూ లేనంత ఎర్రగా ఉంది. తర్వాత ఆమె నాకు ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పింది, ప్రతిసారీ ఏడుస్తూ నవ్వేది. "సార్ నా వంక చూశారండి. ఏవండీ, మీరేగా పెద్దది చెయ్యమన్నారు అన్నాను. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు. తర్వాత, తప్పు నీది గాదు బిడ్డా, మా అవ్వది అన్నారు." అవ్వ అంటే ఆయనకు తల్లి, మా బాపమ్మ.

ఇంత అయ్యాక ఇక పోయేదేముందని పెట్టెను ఎప్పటిలాగే నింపాదిగా చల్లారనిచ్చారు. చల్లారాక, అలవాటు కొద్దీ మళ్లీ ముట్టించారు. ముల్లు లేచి నిలబడింది. వణకలేదు. గ్యాసు పోవడం లేదు.

ఆ ఎక్కువ వేడికి అంచుల్లోని గాజు మెత్తబడి, కాస్త కదిలి, పగులును తనే పూడ్చుకుంది. ఇంతకాలం పగలకుండా ఉండే గాజు కోసం వెతికిన మనిషి ఆ రోజు నుంచి పగిలినా అతుక్కునే గాజు కోసం వెతికాడు. మరీ మెత్తదైతే కారిపోతుంది, గట్టిదైతే పగులు పూడదు. ఆ మధ్యది పట్టుకోవడానికి ఇద్దరికీ ఏళ్లు పట్టింది. పెట్టె మళ్లీ లేచిన ఆ రోజుల్లోనే హైదరాబాదు వాళ్లు వచ్చి చూసి ఒప్పుకున్నారు, గోదాం నిలిచింది. తర్వాత పేటెంటు వచ్చింది. అందులో ఆమె పేరు ముందుండాలని ఆయన, సార్ పేరే ముందుండాలని ఆమె వాదించుకున్నారు. చివరికి ఆయన ఓడిపోయాడు. ఆపే ముందు కాసేపు వేడి పెంచి, తర్వాత దించడం, ఇదీ వాళ్లు కనిపెట్టిన పద్ధతి. పేటెంటులో దానికి ఇంగ్లీషులో పొడవాటి పేరుంది. గోదాంలో మాత్రం పెద్దజేసుడు అనేవారు. ముందు ఆమె అర్థంలో పెద్దజేయాలి, తర్వాత మా బాపమ్మ అర్థంలో.

అలా తయారైన పెట్టె ఒకటి మా కార్ఖానాకు వచ్చింది. దాన్ని ఆపవలసి వచ్చినప్పుడల్లా ఆయన గానీ ఆమె గానీ కోరుట్ల నుంచి వచ్చేవారు. వేములవాడ మీదుగా బస్సులో, సంచిలో చిన్నమ్మ ఇచ్చిన అన్నం డబ్బాతో. ఇంకెవరూ దాని మీద చెయ్యి వేయలేదు.

ఆయన పోయిన రోజు చెయ్యి వేయాల్సింది నేనే. మనిషి పోతే సాంచాలు ఆపుతాం, పెట్టెను వదిలేసి పోలేం. ఫోన్ చేస్తే ఇంజనీరమ్మాయి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

"ముందు పెద్దది చేయండక్కా" అంది. "నే చెప్పిందాకా అలాగే ఉంచండి. తర్వాత గ్యాసు కట్టేసి, మెల్లగా..." ఆగిపోయింది. ఆ మాట ఆ రోజు ఆమె నోట వెంటనే రాలేదు. "మెల్లగా పెద్దజేయండి."

మా ఆయన మీటరు చూస్తుంటే నేను హీటరు మర తిప్పాను. ఆయన చేసినది ఆయన పోయిన రోజునే నా చేతిలో పగిలిపోతుందేమోనని భయం. తాళం వేసి కోరుట్ల బయలుదేరాం. అంత్యక్రియలు జరుగుతున్నా, చుట్టాలు వచ్చి పోతున్నా నా మనసులో ఒక మూల పెట్టె చల్లారుతూనే ఉంది. మళ్లీ లేస్తుందా అన్నదే. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆయన కోసం ఎంత ఏడ్చానో దానికోసం అంత భయపడ్డాను. నాకు ఆ రెండూ వేరుగా తోచలేదు.

ఆయన్ని పడుకోబెట్టిన చోట దీపం పెట్టారు. దినాలయ్యేదాకా అది కొండెక్కకుండా చిన్నమ్మే నూనె పోస్తూ వచ్చింది. ఆఖరి రోజు, అందరూ తిన్నాక, ఇంటి పెద్దాయన ఒకరు "ఇగ దీపం పెద్దజెయ్యిండ్రి" అన్నారు. కర్మ చేసిన తమ్ముడు లేవబోయాడు. చిన్నమ్మ వాడి భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వాగు బిడ్డా. ఆ పిల్లను జెయ్యనియ్యి."

ఇంజనీరమ్మాయి దీపం ముందు కూర్చుంది. పుల్లతో వత్తిని ముందుకు జరిపింది. దీపం లేచి పెద్దదయింది. గోడ మీద ఆయన ఫోటో, పక్కన కూర్చున్న చిన్నమ్మ మొహం వెలుగులోకి వచ్చాయి. పెద్దాయన "గదేందమ్మా, పెద్దజెయ్యమంటే..." అనబోయి మా మొహాలు చూసి ఆగిపోయారు. అలా కాసేపు ఉండనిచ్చి, అప్పుడు వత్తిని మెల్లగా నూనెలోకి దించింది. చిన్నమ్మ ఒక్కతే తలూపింది, పని సరిగ్గా అయినట్టు.

మర్నాడు పెట్టెను ముట్టించడానికి ఇంజనీరమ్మాయి మాతో సిరిసిల్లకు బయలుదేరింది. చిన్నమ్మ కూడా వస్తానంది. దాన్ని ఆమె ఎప్పుడూ దగ్గరగా చూడలేదట. పెట్టె వేడెక్కడానికి ఒక పూట చాలదు, తొందర పడకూడదు. చిన్నమ్మ దాని పక్కనే కుర్చీ వేసుకుని, పేషెంటు దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. మరుసటి మధ్యాహ్నానికి ముల్లు కదిలింది. లేచింది. ఇంకా లేచింది. ఇంజనీరమ్మాయి మీటరు దగ్గరికి వంగి చూస్తోంది, నేను చూడలేక పక్కకు తిరిగాను.

"లేసిందా?" అంది చిన్నమ్మ.

"లేచిందండీ. వణకట్లేదు."

మా ఆయన చెయ్యెత్తాడు. సాంచాలు ఒక్కొక్కటే అందుకున్నాయి. చిన్నమ్మ లేచి పెట్టె మీద అరచెయ్యి ఆనించి, దానితోనో ఆయనతోనో ఏదో చెబుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఆ చప్పుడులో ఒక్క మాటా వినిపించలేదు. ఈసారి సాంచాలను ఎవరమూ ఆపలేదు.