పియానోకి కొల్లేటి దారం

ఇరవయ్యేళ్ల వయసులో మనిషికి రాని విద్యంటూ ఉండదు. ఆ రోజుల్లో నేను ఏలూరులో మా చర్చి బడికి కొత్త సంగీతం టీచర్ని. పియానో వాయించడం వచ్చు కాబట్టి బాగుచెయ్యడమూ వచ్చేసినట్టే అనుకున్నాను. (భోజనం చేసేవాళ్లందరికీ వంట వచ్చినట్టే అన్నమాట.) చర్చిలో దొరలు వదిలివెళ్లిన పాత నిలువు పియానో ఉండేది. పెళ్లిలో తను నడిచొచ్చేటప్పుడు దాని మీదే మార్చ్ వాయించాలని మా పిన్ని పట్టు. మెట్టు నొక్కితే లోపలి సుత్తి తీగని కొట్టి వెనక్కి రావాలి కదా, మా పియానోలో వెళ్లిన సుత్తి అత్తారింటికెళ్లిన అల్లుడిలా అక్కడే ఉండిపోయేది. హార్మోనియంతో కానిచ్చేద్దామని తాతగారు అంటే పిన్ని అన్నం మానేసింది.

పలక విప్పి చూస్తే, సుత్తుల్ని వెనక్కి లాగే గుడ్డపట్టీలన్నీ పురుగులు తినేశాయి. మద్రాసు నించి తెప్పించే వ్యవధి లేదు. అప్పుడు కొల్లేటికోట నించి మామయ్య (పిన్నికి స్వయానా అన్నయ్య) ఒక సంచీతో దిగారు. అందులో పాత వల దారం. "కొత్తదైతే బిరుసుగా ఉంటదమ్మా. ఇది నీళ్లలో నాని నాని పట్టులా అయిపోయింది" అన్నారు. ఇద్దరం కూర్చుని ప్రతి సుత్తికీ వలముడి వేశాం. ఈసారి సుత్తి టంగున వెళ్లి టక్కున వెనక్కొచ్చింది. నేను చర్చి అని కూడా చూడకుండా గంతులేశాను. కాస్త నీచువాసన వేసిన మాట నిజమే, ఆరితే పోతుందిలే అనుకున్నాం.

పెళ్లినాడు పిన్ని గుమ్మంలో నిలబడగానే నేను మార్చ్ అందుకున్నాను. దారాలు కదిలేసరికి వాసన లేచినట్టుంది. పిన్ని చీర పక్కనించి ఒక చారల పిల్లి లోపలికొచ్చింది. దాని వెనక ఒక నల్లది. ఆ వెనక ఒక తల్లిపిల్లి, సంసారంతో సహా. అన్నీ తోకలు నిలబెట్టి, పెళ్లికూతురి ముందు, తాళం తప్పకుండా పియానో వైపు నడిచొస్తున్నాయి. తాడేపల్లిగూడెం మగపెళ్లివారిలోంచి పెళ్లికొడుకు నాయనమ్మ లేచింది. (ఎన్ని తరాలు చర్చికెళ్లినా పిల్లి శకునం మాత్రం మన ఇళ్లు వదిలిపోలేదు.) "పిల్లెదురొచ్చింది. ఈవేళ వద్దు, ఆపించండి" అంది. నా చేతులు ఆగిపోయాయి. పిన్ని ముఖం పాలిపోయింది.

మామయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చారు. "పెళ్లికూతురికి ఎదురెక్కడొచ్చాయండీ? ముందు నడుస్తున్నాయండీ. ఎదురొస్తే అపశకునం గానండీ, ముందు నడిస్తే మేళమే కదండీ."

నాయనమ్మ ఆ తోకల వంక కాసేపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. భుజాలు ఊగిపోతున్నాయి. పాస్టరుగారు ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. నేను మళ్లీ మొదటినించి అందుకున్నాను.

పిన్నీ మామయ్యా ఇప్పుడు లేరు, ఆ పియానో కూడా లేదు. ఇప్పటికీ వీధిలో పిల్లి ఎదురైతే నేను అపశకునమని ఇంటికి తిరిగిపోను. అది నన్ను దాటేదాకా ఆగి, ఎవరూ చూడటం లేదనుకుంటే, దాని వెనకాలే పెళ్లినడకలో నాలుగడుగులు వేస్తాను. మోకాళ్లు ఒప్పుకోవు గానీ, తాళం మాత్రం తప్పదు.