ఎనిమిది స్క్రూ తూట్లు

హోసూరు మెకానిక్ మా అన్న పాత గిటార్ స్పీకర్ పెట్టె వెనక చెక్క ఊడదీయగానే దుమ్ము వాసన గుప్పుమంది. చిన్నప్పుడు అన్నా నేనూ ముందున్న ఆ గోధుమరంగు గుడ్డకు చెవి ఆనించి కూర్చునేవాళ్లం.

నా తొమ్మిదో ఏట దాని శబ్దం ఉన్నట్టుండి పీలగా మారింది. నేను జడపిన్నుతో స్పీకర్‌ను పొడిచానని అన్న చెప్పాడు. నాయన నా గిటార్ పాఠాలు మాన్పించారు. ఇంట్లో అందరూ అదే అంటున్నారంటే పొడిచే ఉంటానని చివరికి నేనూ నమ్మాను.

"ఈ స్పీకర్ ఒరిజినల్ కాదమ్మా," అన్నాడు మెకానిక్. "చుట్టూ ఎనిమిది తూట్లు చూడండి, అవి పెద్ద స్పీకర్‌కు కొట్టినవి. ఇది రేడియోది, నాలుగు స్క్రూలే. ఎక్కడా చిల్లు కూడా లేదు."

కృష్ణగిరిలో ఉన్న అన్నకు ఆడనుంచే ఫోన్ చేశాను.

"పెద్ద స్పీకర్ యాడికి పోయిందన్నా?"

"బర్గూరు ఫ్రెండు కచేరీకి అడిగితే ఇచ్చినాను, తిరిగి రాలేదు. నాయన నన్నయితే తోలు తీసుంటాడు. నువ్వు చిన్నపిల్లవి కదమ్మా!"

"ఇప్పటికీ చిన్నపిల్లనేలే. మనవరాళ్లకు పెళ్లిళ్లయినాయి, అంతే."

పాతకాలం నాటి పెద్ద స్పీకర్ వెతికి బిగిస్తానన్నాడు మెకానిక్. వద్దన్నాను. పెట్టెకు పాలిష్ పెట్టి, ఆ రేడియో స్పీకర్‌నే ఉంచమన్నాను. మా ఇంట్లో నా తరఫున మాట్లాడింది అదొక్కటే.