బాగున్న ఆకు

గుంటూరు శివారులో పంట తెగుళ్లను నిర్ధారించే ఒక చిన్న ప్రయోగశాలలో నేను జూనియర్ అనలిస్టుగా చేరింది ఐదేళ్ల కిందటి ఆగస్టులో. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం అప్పుడే పూర్తయింది. మూడేళ్లు పనిచేసి, పాప పుట్టే ముందు మానేశాను. ఉద్యోగ జ్ఞాపకాలు తల నెరిసినవాళ్లు రాసుకునేవి. నా దగ్గర రాయదగ్గది ఒక్క మధ్యాహ్నమే ఉంది. పాప నిద్రపోయింది కాబట్టి రాస్తున్నాను.

మా దగ్గర అందరికన్నా పైన సీనియర్ సైంటిస్టు విజయ మేడమ్. కింద నేను, ఇంకొక అనలిస్టు. రైతు తెచ్చిన నమూనాను రిజిస్టరులో ఎక్కించి, మైక్రోస్కోపు కింద చూసి, ఫారం నింపడం నా పని. ఫారంలో నాలుగు గడులు: పురుగు, శిలీంధ్రం, బ్యాక్టీరియా, వైరస్. ఏ గడిలో టిక్కు పడితే రైతు ఆ మందు కొడతాడు. మేడమ్ సంతకం పడేదాకా ఆ టిక్కుకు విలువ లేదు.

అక్టోబరు వానల్లో ఒక మధ్యాహ్నం మస్తాన్‌బీ అనే నడివయసు రైతు వచ్చింది. పొదిలి పక్క ఊరు. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసింది. ఆకుల మీద మచ్చలు వచ్చి, ఆకూ పూతా కలిసి రాలుతున్నాయట. దుకాణంలో ఇచ్చిన బూజు మందు అప్పటికే రెండుసార్లు కొట్టించింది.

"రేపు పొద్దున్నే మందు కొట్టే మనిషి వస్తాడమ్మా. మళ్లీ పది రోజుల దాకా దొరకడు. ఈసారి కూడా తప్పిందంటే చేలో పుల్లలే మిగిలేది" అంది.

చీరల దుకాణం కవరు ఒకటి బల్ల మీద పెట్టింది. ముందు రోజు సాయంత్రం ఆకులు కోసి, వాడిపోకుండా కరివేపాకుకు చల్లినట్టు నీళ్లు చల్లి, మూతి బిగించి తెచ్చింది. మా జిల్లాల్లో చాలామంది అట్లాగే తెస్తారు. తెచ్చేవి కూడా బాగా మాడిన ఆకులే. రోగం ఎంత ముదిరిందో చూపిస్తే మందు అంత గట్టిది రాస్తారని వాళ్ల నమ్మకం.

మాడిన ఆకు ఒకటి తీసి, మచ్చ మీది బూజును సూదితో గీకి చూశాను. గోధుమరంగు శిలీంధ్ర బీజాలు, గదల్లాగా, లోపల అడ్డగోడలతో స్పష్టంగా కనిపించాయి. ఏ పుస్తకంలో బొమ్మైనా అంత బాగుండదు. శిలీంధ్రం గడిలో టిక్కు పెట్టి, ఫారాన్నీ కవరునూ గర్వంగానే మేడమ్ గదికి పట్టుకెళ్లాను.

మేడమ్ ఫారం చూడకుండా కవరు చూసింది. "ఇది ఆకును చంపిందా, ఆకు చచ్చాక వచ్చిందా?" అని అడిగింది.

చచ్చిన ఆకును, అందులోనూ రాత్రంతా కవరులో చెమర్చిన ఆకును, ఏ బూజైనా ఆక్రమిస్తుంది. నేను చూసింది దొంగను కాదేమో, తలుపు తెరిచి ఉందని తర్వాత దూరినవాణ్ణేమో.

మేడమ్ మస్తాన్‌బీని లోపలికి పిలిచి, ఇంకేమైనా తెచ్చావా అని అడిగింది. ఆవిడ చేతిసంచిలోంచి కాగితంలో చుట్టిన పచ్చాకు ఒకటి తీసింది.

"ఇది బాగున్న ఆకేలెమ్మా. తేడా తెలుస్తదని తెచ్చా. పారెయ్యమంటే పారేస్తా."

మేడమ్ ఆ ఆకును కిటికీ వెలుగుకు అడ్డం పెట్టింది. నూనె చుక్క పడ్డట్టు రెండు చిన్న మచ్చలు మెరిశాయి. బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష నన్ను చెయ్యమంది. మచ్చ అంచున, సగం మచ్చా సగం పచ్చా వచ్చేటట్టు బ్లేడుతో చిన్న ముక్క కోశాను. మచ్చలేని చోట ఇంకొక ముక్క. రెంటినీ వేరువేరు గాజు పలకల మీద నీటి చుక్కలో ఉంచి, పైన పలుచని అద్దం మూసి, రెండు నిమిషాలు ఆగి మైక్రోస్కోపు కింద చూశాను.

మచ్చలేని ముక్క దగ్గర నీరు తేటగానే ఉంది. రెండో ముక్క కోసిన అంచు నుంచి పొగ బయలుదేరింది. తెల్లటి పొగ, మెలికలు తిరుగుతూ, ఆగకుండా. ఇంకా పెద్దది చేసి చూస్తే ఆ పొగంతా వణికే నలుసులు. ఒక్కొక్క నలుసూ ఒక ప్రాణి.

ఈ నలుసులు బ్యాక్టీరియా, కేంద్రకపూర్వ కణాలు. వాటికి కేంద్రకమనే గది లేదు, వంశసమాచారమంతా కణంలో ఏ పొరా లేకుండానే చుట్టుకుని ఉంటుంది. మిరపాకు కణాలు నిజకేంద్రక కణాలు, కేంద్రకం చుట్టూ పొర ఉన్నవి. బూజు కూడా ఆ జాతే. మస్తాన్‌బీ, మేడమ్, నేను కూడా. జీవులను ఎన్ని వర్గాలుగా విడదీసినా, కణాన్ని బట్టి పడే పెద్ద గీత ఇది. దుకాణం మందు పని చెయ్యకపోవడానికి కారణం ఆ గీతే. ఆ రకం మందు, శిలీంధ్ర కణం రెండయ్యేటప్పుడు క్రోమోజోములను చెరో పక్కకు లాగే దారాలను అడ్డుకుంటుంది. బ్యాక్టీరియాలో ఆ దారాలే లేవు. మందు పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

మస్తాన్‌బీ కూడా చూస్తానంది. ఒక కన్ను మూసి చాలాసేపు వంగి చూసింది.

"ఇంతమందా? మా ఊరి ఉరుసుక్కూడా రారు."

మేడమ్ నవ్వి, బూజైతే మనకు దూరపు చుట్టమని, వీటితో ఆ పాటి చుట్టరికం కూడా లేదని చెప్పింది.

"చుట్టం కానిది ఇంట్లోకి ఎట్టా వచ్చిందమ్మా మరి?"

"వాన చినుకులతో. తర్వాత మీ చేతులతో, మీ చీరలతో. తడి చేలో దిగుతున్నారా?"

ఎండ ఎక్కకముందే కలుపు తీయాలని, కూలోళ్లంతా మంచు ఆరకముందే ఈ చేలోంచి ఆ చేలోకి పోతారని మస్తాన్‌బీ చెప్పింది. చెబుతూనే తన చేతులు తిప్పి చూసుకుంది. మేడమ్ నా టిక్కు కొట్టేసి, పక్క గడిలో పెట్టి, రాగి మందు రాసింది. ఆకులు ఆరేదాకా చేలో ఎవరూ దిగొద్దని కింద గీత గీసి మరీ రాసి, సంతకం పెట్టింది. మస్తాన్‌బీ సాయంత్రం బస్సు అందుకుంది.

ఆవిడ వెళ్లాక నేను మళ్లీ ఆ పలక దగ్గరకే వెళ్లాను. పొగ పలచబడింది. పక్కనే ఆకు కణాల్లో హరితరేణువులు పచ్చగా నిండి ఉన్నాయి. అవి ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియాలేనని, ఏదో పురాతన కణం మింగి, అరిగించుకోకుండా ఉంచేసుకుందని పరీక్షల కోసం చదివాను. ఒకే చూపులో రెండూ ఉన్నాయి. ఒకటి ఆకుకు అన్నం వండుతోంది, ఇంకొకటి ఆకును తింటోంది. మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా కథ కూడా అలాంటిదే. అవి బిడ్డకు తల్లి నుంచే వస్తాయి. పాపకు ఒళ్లు వెచ్చబడిన ప్రతిసారీ నాకు ఆ పొగే గుర్తొస్తుంది. డాక్టరు మందు రాసేలోపు ఇది బ్యాక్టీరియానా, వైరసా అని అడుగుతాను. విసుక్కున్నా అడుగుతాను.

నెల తర్వాత మస్తాన్‌బీ మళ్లీ వచ్చింది. పల్లపు మూల పావు ఎకరం పోయిందట. మిగతా చేను కొత్త చిగురు వేసి పూతకొచ్చింది. ఈసారి ఆకులను పాత పేపరులో చుట్టి తెచ్చింది, నీళ్లు చల్లలేదు.

నా మొదటి టిక్కుతో ఆవిడను పంపేసి ఉంటే ఆ చేను నిలిచేది కాదు. నేను చూసినదాంట్లో అబద్ధం లేదు, బీజాలు నిజంగానే ఉన్నాయి. కళ్లకు కనిపించినదే కారణమనుకోవడం నా తప్పు. ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం, నమూనా తెచ్చిన ప్రతి రైతునూ రిజిస్టరు తెరవకముందే ఒక మాట అడిగేదాన్ని, బాగున్న ఆకు తెచ్చారా అని.